ఏపీ 15 బండ్లు ఎటు పోతున్నాయి?

కరీంనగర్ నుంచి జగిత్యాల వైపు, మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ వైపు వెళ్లే రోడ్ల మీద ఏపీ 15, ఏపీ 01 నంబర్ల బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. మొదటిది ఉమ్మడి కరీంనగర్ జిల్లా నంబరు, రెండోది ఉమ్మడి ఆదిలాబాద్‌ది. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడ్డాక వాటి స్థానంలో టీఎస్ 02, టీఎస్ 01 వచ్చాయి. 2016లో జిల్లాలు చీలినప్పుడు మంచిర్యాలకు 19, జగిత్యాలకు 21, పెద్దపల్లికి 22 చేరాయి. 2024 మార్చి నుంచి టీఎస్ పోయి టీజీ వచ్చింది. కాబట్టి ఏపీ 15 అని రాసి ఉన్న బండి ఏదైనా 2014 నడుమకు ముందు రిజిస్టర్ అయినదే. 2029 నడుమకల్లా ఆ నంబరున్న ప్రతి బైకూ, ఆటో, కారూ, లారీ పదిహేనేళ్లు దాటేస్తుంది. సొంత వాహనానికి మోటారు వాహనాల చట్టం మొదట ఇచ్చే గడువు కూడా పదిహేనేళ్లే. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, లేదా బండిని వదిలేయాలి.

వదిలేసిన బండి ఎటు పోతుంది? దాన్ని ఎవరు విప్పుతారు, అందులోని నూనె, సీసం, రాగి, ఇనుము ఎవరి చేతికి చేరతాయి, ఆ పనిలో ఎవరికి డబ్బు మిగులుతుంది, ఎవరి ఊపిరితిత్తులు పాడవుతాయి? దేశం దీన్ని ఒక జాతీయ పరిశ్రమగా మలచాలనుకుని ఐదేళ్లు గడిచాయి. ఉత్తర తెలంగాణలో నిలబడి చూస్తే ఆ పరిశ్రమ మనకు ఇంకా దూరంగానే ఉంది.

2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ పాత వాహనాలను తుక్కు చేసే విధానాన్ని ప్రకటించారు. మార్చిలో నితిన్ గడ్కరీ లోక్‌సభకు వివరాలు చెప్పారు. ఆగస్టు 13న ప్రధాని గుజరాత్ పెట్టుబడిదారుల సదస్సులో దాన్ని ప్రారంభించారు. సెప్టెంబరులో రెండు రకాల నిబంధనలు వచ్చాయి. బండి ఆరోగ్యాన్ని యంత్రాలతో పరీక్షించే స్టేషన్లకు ఒకటి, రిజిస్టరైన స్క్రాపింగ్ కేంద్రాలకు ఒకటి. ఆ కేంద్రానికి బండి అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దానితో కొత్త బండి కొంటే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదు. వాహన పన్నులో సొంత వాహనానికి 25 శాతం వరకు, రవాణా వాహనానికి 15 శాతం వరకు రాష్ట్రాలు తగ్గించవచ్చు. తయారీదారులు 5 శాతం డిస్కౌంట్ ఇవ్వాలని కేంద్రం సలహా ఇచ్చింది. పాత బండికి కొత్తదాని షోరూం ధరలో 4 నుంచి 6 శాతం వరకు తుక్కు విలువ దక్కుతుందని అంచనా వేసింది.

ఆ రోజుల్లోనే కేంద్రం ఒక లెక్క కూడా ఇచ్చింది. దేశంలో పదిహేనేళ్లు దాటిన వాహనాలు 4 కోట్లకు పైగా ఉన్నాయని, అందులో 70 లక్షలతో కర్ణాటక ముందుందని చెప్పింది. అయితే ఆ లెక్కలో ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్, తెలంగాణ, లక్షద్వీప్ లేవు. వాటి వివరాలు కేంద్రపు కంప్యూటర్ వ్యవస్థలోకి అప్పటికి చేరలేదు. జాతీయ విధానం రూపుదిద్దుకున్న వేళ తెలుగు రాష్ట్రాల పాత బండ్లు ఎవరి లెక్కలోనూ లేవన్న మాట. దీన్ని చిన్న విషయమని నేను అనుకోను. లెక్కలో లేని బండికి స్క్రాపింగ్ కేంద్రం ఎక్కడ పెట్టాలో ఎవరు ఆలోచిస్తారు?

ఫలితాల సంగతి చూద్దాం. 2025 సెప్టెంబరులో గడ్కరీ చెప్పిన ప్రకారం ఆగస్టు వరకు దేశం మొత్తంలో సుమారు 3 లక్షల వాహనాలు తుక్కు అయ్యాయి. అందులో 1.41 లక్షలు ప్రభుత్వానివే. తుక్కు చేయదగినవి 97 లక్షలున్నాయని కూడా ఆయనే అన్నారు. సర్కారు బండ్లు రావడానికి కారణం తెలిసిందే: పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు, ఆర్టీసీ బస్సులతో సహా, 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపేశారు. అవి రాక తప్పదు. మామూలు మనిషి బండి మాత్రం రావడం లేదు.

ఎందుకు రావడం లేదో ఒక మారుతీ 800తో లెక్క వేసి చూడొచ్చు. బండి బరువు 650 కిలోల దరిదాపు. అందులో మూడింట రెండొంతులు ఇనుమూ ఉక్కూ అనుకుంటే 430 కిలోలు. తుక్కు ధర రోజూ మారుతుంది, కిలో ముప్పై రూపాయలనుకుందాం. పదమూడు వేలకు కాస్త తక్కువ. బ్యాటరీ, టైర్లు, రాగి, సిల్వరు కలిపినా ఇంకొన్ని వేలు. అదే కారు నడిచే స్థితిలో ఉంటే పల్లెలో అంతకు రెండు మూడు రెట్లు పెట్టి కొనేవాళ్లున్నారు. పదిహేనేళ్లు దాటిన కారు రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000కు పెంచారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కారుకు 10,000 చేశారు. ఐదేళ్లకు ఐదు వేలంటే నెలకు ఎనభై మూడు రూపాయలు. దానికి భయపడి నడిచే కారును ఎవరు వదులుకుంటారు?

బైకు సంగతి ఇంకా కష్టం. దేశంలో రిజిస్టరైన వాహనాల్లో నాలుగింట మూడొంతులు ద్విచక్ర వాహనాలే. స్ప్లెండర్ బండి మొత్తం బరువే 110 కిలోల చిల్లర. అందులో వచ్చే ఇనుము విలువ రెండు వేల పరిసరాల్లో ఉంటుంది. ఉట్నూరు నుంచి దాన్ని వ్యానులో వేసుకుని హైదరాబాద్ శివార్లలోని స్క్రాపింగ్ కేంద్రం దాకా తీసుకుపోతే కిరాయికే చాలదు.

విధానం తయారుచేసినవాళ్లు ఒక ముఖ్యమైన విషయం పట్టించుకోలేదని నాకనిపిస్తుంది. పన్ను తగ్గింపు, డిస్కౌంట్, ఫీజు మాఫీ అన్నీ కొత్త బండి కొనేవాడికే. పాత ఆటో వదిలేసిన బెల్లంపల్లి డ్రైవరు షోరూంకు పోడు. తన బండి కంటే ఐదేళ్లు చిన్నదైన ఇంకో సెకండ్ హ్యాండ్ ఆటో చూసుకుంటాడు. సర్టిఫికెట్‌ను ఇంకొకరికి అమ్ముకునే వీలు నిబంధనల్లో ఉంది. ఆ మాట ఆ డ్రైవరుకు చెప్పేదెవరు?

ఉత్తర తెలంగాణలో బండికి ఒక దిగుడు క్రమం ఉంది. లారీ కొత్తగా ఉన్నన్నాళ్లు కరీంనగర్ గ్రానైట్ దిమ్మెలు మోస్తుంది. టాన్ బ్రౌన్ రాయి ఇక్కడి నుంచే ప్రపంచం మీదికి పోతుంది. ఒక్కో దిమ్మె పదుల టన్నులు. ఆ బరువుకు నడుం వంగిన బండి రామగుండం బూడిదకో, ఇటుక బట్టీకో దిగుతుంది. తర్వాత మానేరు ఇసుకకు. ఆఖరుకు వెనుక ట్యాంకు బిగించుకుని ఎండాకాలం కాలనీలకు నీళ్లు మోస్తుంది. ఆర్టీసీలోనూ ఇదే క్రమం. దూరప్రయాణాల సూపర్ లగ్జరీ కొన్నేళ్లకు ఎక్స్‌ప్రెస్ అవుతుంది, ఆపైన పల్లెవెలుగు అవుతుంది. 2020లో కార్గో మొదలుపెట్టినప్పుడు పాత బస్సుల సీట్లు పీకేసి సరుకు బండ్లు చేశారు. ప్రతి మెట్టు మీదా ఆ బండి ఎవరికో ఒకరికి బువ్వ పెడుతూనే ఉంటుంది. అందుకే ‘కాలం చెల్లిన వాహనం’ అన్న మాట ఢిల్లీలో ఉన్నంత సూటిగా ఇక్కడ ఉండదు.

ఢిల్లీలో అది కోర్టుల ద్వారా వచ్చింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ బండ్లు తిరగొద్దంది, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025 జూలైలో అలాంటి బండ్లకు బంకుల్లో పెట్రోలు పోయొద్దన్నారు, జనం తిరగబడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు. వయసు ఒక్కటే చూసి బండిని కొట్టేయడం న్యాయం కాదని నేననుకుంటాను. జాతీయ విధానం ఫిట్‌నెస్‌ను కొలమానంగా పెట్టుకోవడం దాని మంచితనం. కానీ యంత్రాలతో పరీక్షించే స్టేషన్లు జిల్లా జిల్లాకూ రాకుండా ఆ మాటకు అర్థం లేదు. భారీ వాహనాలకు 2023 ఏప్రిల్ నుంచే తప్పనిసరి అన్న గడువు ఎన్నోసార్లు ముందుకు జరిగింది. ఈలోగా ఫీజులు మాత్రం పెరిగాయి. 2025 నవంబరు నుంచి ఇరవై ఏళ్లు దాటిన లారీ ఫిట్‌నెస్ ఫీజు 25,000. పరీక్ష సరిగా జరగని చోట ఫీజు మాత్రం పెంచితే, ఫిట్‌నెస్ లేకుండానే మట్టి రోడ్ల మీద తిప్పుకునేవాళ్లు పెరుగుతారు.

ఇంకో సంగతి. రైతు ట్రాక్టరు, దాని ట్రాలీ, పవర్ టిల్లర్, కోత మిషను పాత వాహనాల తుక్కుపై 2025లో వచ్చిన పర్యావరణ నిబంధనల పరిధిలోకే రావు. రైతుకు అది ఊరటే. కానీ మన ఊళ్లలో అన్నిటికంటే పాతబడ్డ ఇంజన్లు వాటిలోనే ఉన్నాయి. వాటిని తుక్కు చేసే బాధ్యత ఆ నిబంధనల్లో ఎవరి మీదా పడలేదు.

ఇక తుక్కు షెడ్డు దగ్గరికి వద్దాం. ప్రతి పట్టణం శివారులోనూ రేకుల ప్రహరీ, లోపల తరాజు, గ్యాస్ సిలిండర్లు, మూలన ఇంజన్ల గుట్ట ఉంటాయి. బేరం రెండు మూడు మాటల్లో తేలిపోతుంది.

“అన్నా, ఎంతిస్తవ్?”

“బ్యాటరీతోని ఇస్తవా, తీస్కుంటవా?”

మొదట బ్యాటరీ అడగడంలోనే ఆ వ్యాపారం గుట్టు ఉంది. సీసానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. తర్వాత టైర్లు, రేడియేటరు, సెల్ఫ్ మోటారు, డైనమో. గేరుబాక్సు, క్రౌను బాగుంటే విడిగా అమ్ముతారు, బాగా లేకపోతే బరువుకు. ఇంజను బ్లాకు బీడు ధరకు పోతుంది, పిస్టన్లు సిల్వరు ధరకు. వైరింగును కుప్ప పోసి నిప్పు పెడితే పైన ప్లాస్టిక్ కాలిపోయి రాగి మిగులుతుంది. సీట్ల స్పాంజి, అద్దాలు, డ్యాష్‌బోర్డు ఎవరికీ అక్కర్లేదు. స్పాంజి కూడా మంటలోకే పోతుంది. చివరికి చాసీ మీద గ్యాస్ కట్టర్ పెడతారు. ఇంజన్ నూనె అప్పటికే నేలలోకి ఇంకిపోయి ఉంటుంది, లేదంటే డబ్బాలో పట్టి సెంట్రింగ్ పలకలకు రాయడానికి అమ్మేస్తారు. డీజిల్ ట్యాంకును సరిగా ఖాళీ చేయకుండా కట్టర్ పెడితే పేలుతుంది. ఈ పనంతా చేసేవాడికి చేతికి గ్లౌజు ఉండదు, కళ్లకు నల్లద్దాలు ఉంటే ఉన్నట్టు. వాడికి పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు. ఒంట్లోకి సీసం ఎంత చేరిందో ఎవరూ రక్త పరీక్ష చేయరు.

అయినా ఆ షెడ్డులో ఒక నేర్పు ఉంది, దాన్ని గౌరవించాలి. చేతితో విప్పినంత శుభ్రంగా యంత్రం లోహాలను వేరు చేయలేదు. పెద్ద కేంద్రాల్లో బండిని నొక్కి, తురిమి, అయస్కాంతంతో ఇనుము లాగుతారు. అందులో రాగి ముక్కలు కలిసిపోతే ఉక్కు నాణ్యత పడిపోతుంది. మన షెడ్డువాడు స్క్రూడ్రైవరుతో, సుత్తితో ప్రతి లోహాన్నీ దేని గుట్ట దాని కింద పెడతాడు. లారీ కమాను పట్టీలు కమ్మరి కొలిమికి చేరి గొడ్డళ్లు, కొడవళ్లు అవుతాయి. ఆ ఉక్కు పదును ఎంత గట్టిదో ఏ రైతును అడిగినా చెబుతాడు.

ఇనుము గురించి ఈ నేలకు కొత్తగా నేర్పాల్సిందేమీ లేదు. ఇక్కడికి దగ్గరలోనే, ఇప్పటి నిజామాబాద్ జిల్లాలో ఉన్న కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. అక్కడ రెండు రకాల ఇనుమును మూసల్లో కలిపి కరిగించే తీరును భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ చూసి రాసింది 1832లో అచ్చయింది. 2010లో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ కలిసి కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్, వరంగల్ జిల్లాల్లో పాత కొలిమి జాడలు వెతికాయి. చిట్టెం కుప్పలు ఊరూరా కనిపించాయి. ఆ కొలిముల వారసుల చేతుల్లోని పనిని ‘అసంఘటితం’ అన్న ఒక్క మాటతో పక్కకు నెట్టడం నాకు బాధ కలిగిస్తుంది.

రిజిస్టరైన కేంద్రం ఏం చేస్తుందో చూస్తే తేడా తెలుస్తుంది. బండి రాగానే అది దొంగ బండి కాదని నేర రికార్డుల బ్యూరో వివరాలతో సరిచూడాలి. ఇంధనం, నూనెలు, కూలెంటు, ఏసీ గ్యాసు వేరువేరుగా తీయాలి. ఎయిర్‌బ్యాగులు, గ్యాస్ సిలిండర్లు ముందే తొలగించాలి. చాసీ నంబరున్న ముక్కను కోసి భద్రపరచాలి. అప్పుడే స్క్రాపింగ్ సర్టిఫికెట్. బండి రిజిస్ట్రేషన్ కాగితాల్లో కూడా చనిపోతుంది.

ఈ ఆఖరి మెట్టు మన దగ్గర చాలామందికి తెలియదు. తుక్కు దుకాణంలో బరువుకు అమ్మేసి ఆర్‌సీని బీరువాలో పెట్టుకుంటారు. రవాణా శాఖ లెక్కలో ఆ బండి ఇంకా బతికే ఉంటుంది. దాని చాసీ నంబరు, ప్లేటు దొంగ బండికి అతికిస్తే చలానా, కేసు పాత యజమాని గుమ్మంలోకి వస్తాయి. బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలిపి ఆర్‌సీ అప్పగించాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. తుక్కుకు అమ్మినవాళ్లెవరైనా ఈ ఒక్క పని తప్పక చేయాలి.

2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం తన విధానాన్ని ప్రకటించింది. ప్రకటించిన రవాణా మంత్రి పొన్నం ప్రభాకర్ కరీంనగర్ మాజీ ఎంపీ కూడా. సర్కారు బండ్లకు తప్పనిసరి, మిగతావాళ్లకు ఐచ్ఛికం అన్నారు. తుక్కు చేసి కొత్తది కొంటే పన్నులో రాయితీ. అదే సమయంలో రాష్ట్రం కేంద్రపు వాహన్ వ్యవస్థలో చేరుతున్నట్టు ప్రకటించడం మంచి నిర్ణయం. ఇకపై మన బండ్లు కూడా జాతీయ లెక్కలోకి వస్తాయి. ఇప్పుడు కావలసింది దూరం తగ్గించడం. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ మూడు వందల కిలోమీటర్లు. 44వ జాతీయ రహదారి మీద నాగపూర్ అంతకంటే దగ్గర. ఉక్కు కడ్డీల కర్మాగారాలకు పేరున్న జాల్నా కూడా మహారాష్ట్రలోనే ఉంది. ఆదిలాబాద్ తుక్కు హైదరాబాద్ దాకా పోవాలనే నియమమేమీ అక్కర్లేదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇక్కడ ఇంకో కోట్ల ఖర్చు పెద్ద కర్మాగారం కట్టడం కంటే ఉన్న తుక్కు షెడ్లను సేకరణ కేంద్రాలుగా గుర్తించడం మేలు. నిబంధనల్లో సేకరణ కేంద్రాలకు చోటు ఉంది. నూనె తీసి పట్టే తొట్టి, సిమెంటు గచ్చు, బ్యాటరీలు పెట్టే గది, ఆర్‌సీ రద్దుకు ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టే కంప్యూటరు ఉంటే షెడ్డు సగం మారిపోతుంది. విప్పడం వాళ్లు చేస్తారు. నొక్కడం, తురమడం, సర్టిఫికెట్ రిజిస్టరైన కేంద్రం చూసుకుంటుంది. షెడ్లను మూసేయడం తేలికే. మీరట్ సోతిగంజ్‌లో దొంగ బండ్ల వ్యాపారాన్ని అరికట్టడానికి 2021 డిసెంబరులో బజారు మొత్తం మూశారు. దొంగతనాలను అడ్డుకోవాల్సిందే. కానీ విప్పే చేతులకు ఇంకో పని చూపకుండా మూస్తే ఆ పని ఇంకో మూలకు, ఇంకా చీకటికి జరుగుతుంది.

పెద్ద అమ్మకందార్లు ఇక్కడ ముందు నడవాలి. రామగుండం, శ్రీరాంపూర్, మందమర్రి గనుల్లో సింగరేణి వంద టన్నుల డంపర్లు నడుపుతుంది, పనికిరాని యంత్రాలను వేలంలో అమ్ముతుంది. ఆర్టీసీకి కరీంనగర్‌లో జోనల్ వర్క్‌షాప్ ఉంది. ఈ సంస్థల సరుకు నిలకడగా వస్తుందన్న భరోసా ఉంటే మంచిర్యాల, పెద్దపల్లి మధ్య ఒక కేంద్రం బతకగలదు. ఇలాంటి కేంద్రాలను ముంచేది సరుకు కరువే.

డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్నదానికి జపాన్ ఒక జవాబు ఇచ్చింది. 2005 నుంచి అక్కడ కారు కొన్నప్పుడే రీసైక్లింగ్ రుసుము కట్టించుకుంటారు. యూరప్ 2000 నాటి ఆదేశంతో బండి బరువులో 95 శాతాన్ని 2015 కల్లా తిరిగి వాడాలనో, రాబట్టాలనో లక్ష్యం పెట్టింది, భారం తయారీదారు మీద వేసింది. 2009లో అమెరికా మూడు వందల కోట్ల డాలర్లు పంచి ఏడు లక్షలకు కాస్త తక్కువ బండ్లు తీసేసింది. కానీ అది కార్ల అమ్మకం పెంచే పథకం, ఇంజన్లను వాడకుండా పాడుచేసే పథకం.

మన కేంద్రం 2025 జనవరిలో ఇచ్చి ఏప్రిల్ 1 నుంచి అమలు చేస్తున్న నిబంధనలు యూరప్ బాటను కొంత పట్టాయి. కంపెనీ ఏళ్ల కిందట అమ్మిన బండ్లలో వాడిన ఉక్కులో ఒక వంతు రిజిస్టరైన కేంద్రాల ద్వారా రాబట్టాలి. 2029-30 వరకు ఆ వంతు 8 శాతం, తర్వాత ఐదేళ్లు 13, 2035-36 నుంచి 18. కంపెనీలు ఆ కేంద్రాల నుంచి సర్టిఫికెట్లు కొనాలి. నాకు ఇందులో రెండు లోపాలు కనిపిస్తున్నాయి. ఒకటి, 8 శాతం చాలా తక్కువ. రెండు, లక్ష్యం ఉక్కుకే. ఉక్కును ఎవరూ పారేయరు, తుక్కువాడు ఎప్పటినుంచో చివరి ముక్క దాకా ఏరుతున్నాడు. కాలిపోయేది స్పాంజి, నేలలో ఇంకేది నూనె, పోగుపడేది అద్దం. వాటికి లక్ష్యం పెట్టి ఉంటే డబ్బు అవసరమైన చోటికి వచ్చేది.

ఉక్కు కూడా అక్కరకొచ్చేదే, కాదనను. 2019 జాతీయ ఉక్కు తుక్కు విధానం ప్రకారం అప్పటికి దేశంలో రెండున్నర కోట్ల టన్నుల తుక్కు దొరికేది, 70 లక్షల టన్నులు బయటినుంచి తెచ్చుకునేవాళ్లం. ఆ రెండున్నర కోట్ల టన్నులు పోగుచేసింది అసంఘటిత రంగమేనని ఆ పత్రమే ఒప్పుకుంది.

రాబోయే చిక్కు ఇంకోటి. 2024 సెప్టెంబరులో కరీంనగర్–హైదరాబాద్ దారిలో ఎలక్ట్రిక్ ఆర్టీసీ బస్సులు మొదలయ్యాయి, ఊళ్లలో కరెంటు ఆటోలు పెరుగుతున్నాయి. లిథియం బ్యాటరీని తయారీదారే వెనక్కి తీసుకోవాలని 2022 బ్యాటరీ నిబంధనలు అంటున్నాయి. ప్రమాదంలో నుజ్జయిన కరెంటు ఆటో మాత్రం ముందు మన శివారు షెడ్డుకే వస్తుంది. లోపల కరెంటు మిగిలి ఉన్న లిథియం ప్యాకు మీద గ్యాస్ కట్టర్ పెడితే అది నీళ్లు పోసినా తొందరగా ఆరని మంటవుతుంది. దాన్ని ఎలా పట్టాలో, ఎక్కడ పెట్టాలో, ఎవరికి ఫోన్ చేయాలో షెడ్డులో పనిచేసేవాళ్లకు ఇప్పుడే నేర్పాలి. మంచిర్యాల, కరీంనగర్ ఐటీఐలలో వారం రోజుల శిక్షణ పెట్టి, వచ్చినవాడికి ఆ వారం కూలి కూడా కట్టివ్వడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. కంపెనీలు కొనే సర్టిఫికెట్ల డబ్బులో చిన్న వాటా చాలు.